కుండీలో కొత్తిమీర పూతకొచ్చిందా? పీకేయకండి.. వచ్చే సీజన్ విత్తనం అందులోనే ఉంది!

కామారెడ్డి: చలి తగ్గి ఎండ ముదురుతోంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు పెరళ్లలో, మిద్దె మీది కుండీల్లో కొత్తిమీర తెల్లగా పూతకొచ్చే టైమ్ ఇది. మెంతికూర కాయ పడుతుంది. సోయకూర పసుపు పూల గొడుగులు విప్పుతుంది. "ఇక కూరకు పనికిరాదు" అని చాలామంది ఈ దశలోనే మొక్కల్ని పీకి పారేస్తారు. అక్టోబర్ రాగానే మళ్లీ విత్తనాల ప్యాకెట్ కొంటారు.

ఇంకొందరు మాత్రం గింజలు తీసి డబ్బాలో పోసి పెడతారు. తీరా చల్లాక సగం కూడా మొలవవు. "ఇంటి విత్తనం పనికిరాదు" అని అక్కడితో వదిలేస్తారు. అసలు తప్పు విత్తనంలో లేదు, దాచిన పద్ధతిలో ఉంది. మరి ఎక్కడ తేడా కొడుతోంది? ఏ మొక్క గింజ ఎప్పుడు కోయాలి? ఎలా దాచాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు పరీక్ష మార్చి నుంచి అక్టోబర్ వరకు

మన దగ్గర కొత్తిమీర, మెంతి చలికాలం పంటలు. అక్టోబర్, నవంబర్‌లో చల్లితే ఫిబ్రవరి, మార్చికల్లా గింజ చేతికొస్తుంది. మళ్లీ చల్లేది అక్టోబర్‌లోనే. అంటే ఆ గింజ దాదాపు ఏడెనిమిది నెలలు బతికి ఉండాలి. మధ్యలో 40 డిగ్రీలు దాటే మే నెల ఎండ ఉంది. ఆ వెంటనే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం ముసురు ఉంది.

విత్తనం అంటే ప్రాణం ఉన్న వస్తువు. లోపల చిన్న మొలక నిద్రపోతూ ఉంటుంది. నిద్రలో కూడా అది సన్నగా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. తేమ, వేడి పెరిగిన కొద్దీ ఆ ఊపిరి వేగం పెరుగుతుంది. దాచుకున్న శక్తి తొందరగా అయిపోతుంది. పైకి చూస్తే గింజ బాగానే కనిపిస్తుంది. లోపల మొలక మాత్రం చచ్చిపోయి ఉంటుంది. పురుగు పట్టలేదు, బూజు రాలేదు, అయినా ఎందుకు మొలవలేదు అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

విత్తనానికి ఏ మొక్క వదలాలి?

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. గుబురుగా, పెద్ద ఆకులతో ఉన్న మొక్కల్ని కూరకు తెంపేస్తాం. బక్కగా ఉండి అందరికంటే ముందు పూతకొచ్చినవి విత్తనానికి మిగులుతాయి. ఏటా ఇదే చేస్తే మన చేతులతో మనమే తొందరగా పూతకొచ్చే, ఆకు తక్కువ ఇచ్చే రకాన్ని పెంచుకున్నట్టు అవుతుంది.

కాబట్టి దీన్ని తిప్పి చేయాలి. నెల రోజుల వయసులోనే బలంగా, తెగులు లేకుండా ఉన్న మొక్కలకు రంగు దారం కట్టి పెట్టండి. ఇంట్లో వాళ్లకు కూడా "వీటిని తెంపొద్దు" అని చెప్పండి. అందరికంటే ఆలస్యంగా పూతకొచ్చిన మొక్కలైతే ఇంకా మంచిది. ఎక్కువ రోజులు ఆకు ఇచ్చే గుణం వచ్చే తరానికి కూడా పోయే అవకాశం ఉంటుంది.

ఎన్ని మొక్కలు వదలాలి? మెంతి తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి నాలుగైదు మొక్కలున్నా సరిపోతుంది. కొత్తిమీర, సోయకూర అలా కాదు. తేనెటీగలు, ఈగలు ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్కకు మోస్తాయి. అందుకే కనీసం పది మొక్కలు వదిలితే మేలు. పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకండి. ఈగ రాకపోతే గింజ పట్టదు.

ప్యాకెట్ మీద హైబ్రిడ్ లేదా ఎఫ్1 అని ఉంటే ఆ మొక్కల గింజ దాచి లాభం లేదు. వచ్చే తరం మొక్కలు ఒక్కోటి ఒక్కోలా వస్తాయి. కొత్తిమీర, మెంతిలో సూటి రకాలు చాలానే దొరుకుతాయి. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన సాధన, స్వాతి, సింధు లాంటి ధనియాల రకాలు ఇలాంటివే. వీటి విత్తనాన్ని ఏటా ఇంట్లోనే కట్టుకోవచ్చు.

ఏ గింజ ఎప్పుడు కోయాలి?

కొత్తిమీర: విత్తిన మూడు నెలల తర్వాత, కాస్త అటూ ఇటూగా కాయలు ముదురుతాయి. ఆకుపచ్చ పోయి పసుపు, గోధుమ రంగులోకి తిరగాలి. అన్నీ ఒకేసారి పండవు. గుత్తుల్లో ఎక్కువ భాగం రంగు మారగానే పొద్దున్నే, మంచు తడి ఆరీ ఆరక ముందే కాడతో సహా కోయండి. మధ్యాహ్నం ఎండలో కోస్తే గింజ రాలిపోతుంది. కోసిన కట్టను తలకిందులుగా కాగితం సంచిలో పెట్టి నీడలో వేలాడదీస్తే రాలిన గింజ సంచిలోనే పడుతుంది.

మెంతి: కాయలు పసుపు రంగుకు వచ్చి, కింది ఆకులు రాలుతున్నప్పుడు మొక్కను మొత్తం పీకేయొచ్చు. మరీ ఎండనిస్తే కాయ పగిలి గింజ నేలపాలవుతుంది. కట్టగా కట్టి ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి కర్రతో మెల్లగా కొడితే గింజలు విడిపోతాయి. చాటలో చెరిగితే పొట్టు పోతుంది.

సోయకూర: గొడుగులా ఉన్న గుత్తిలో గింజలు గోధుమ రంగుకు తిరగగానే కోసేయాలి. గాలికి తొందరగా రాలే రకం ఇది. రెండు రోజులు ఆలస్యమైనా సగం పోతుంది.

తులసి, సబ్జా: పూల కంకి కింది నుంచి పైకి ఎండుతూ వస్తుంది. ముప్పావు వంతు గోధుమ రంగు వచ్చాక కంకి తుంచి, ఆరాక అరచేతుల మధ్య నలపండి. ఒక్కో పువ్వు గిన్నెలో నాలుగు వరకు సన్నని గింజలు ఉంటాయి. టీ జల్లెడ పడితే పొట్టు వేరవుతుంది. శుభ్రం చేద్దామని సబ్జాను మాత్రం నీళ్లలో వేయకండి. క్షణాల్లో జిగురు పట్టేస్తుంది, ఇక దాచలేరు.

పుంటికూర: పొద్దు పొట్టిపడ్డాక పూతకొచ్చే మొక్క ఇది. కాయ ఎండి గలగలలాడినప్పుడు తెంపాలి. కాయ మీద గుచ్చుకునే నూగు ఉంటుంది. చేతికి గుడ్డ చుట్టుకోవడం మర్చిపోవద్దు.

వీటి గింజ మాత్రం దాచకండి

కరివేపాకు: నల్లగా పండిన కాయలు చూసి చాలామంది ఎండబెట్టి దాచుకుంటారు. కానీ ఈ విత్తనం ఎండితే చచ్చిపోతుంది. పండు రాలిన కొద్ది రోజుల్లోనే గుజ్జు తీసి, కడిగి నేరుగా కుండీలో పెట్టేయాలి. దీన్ని దాచే పద్ధతి ఏదైనా ఉందంటే అది మొక్క రూపంలో దాచడమే.

పుదీనా: గింజ కోసం ఎదురుచూసే పనే లేదు. వేరున్న కాడ ముక్క నాటితే చాలు.

వామాకు: కుండీల్లో దళసరి ఆకులతో పెరిగే, బజ్జీలు వేసుకునే మొక్క ఇది. వంటింట్లో వాడే వాము దీని నుంచి రాదు. ఆ వాము మొక్క వేరు. అది సన్న ఆకులతో, కొత్తిమీర లాంటి గొడుగు పూలతో ఉంటుంది. వామాకును కొమ్మ తుంచి నాటుకోవడమే తేలిక.

ఎండబెట్టాలి.. కానీ ఎండలో కాదు!

వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. మార్చి మధ్యాహ్నం స్లాబ్ మీద, రేకుల మీద చెయ్యి పెట్టలేం. అక్కడ పోసిన పచ్చి విత్తనం ఎండదు, ఉడుకుతుంది. గింజలో తేమ ఉన్నప్పుడు 40 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మొలక దెబ్బతింటుంది. వంటకు వాడే ధనియాలకు ఇది పర్వాలేదు. విత్తనానికి మాత్రం పనికిరాదు.

గాలి ఆడే నీడలో, గుడ్డ మీద పల్చగా పరిచి వారం, పది రోజులు ఆరనివ్వండి. రోజుకు రెండుసార్లు తిప్పండి. ఫిబ్రవరి, మార్చిలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీడలోనే బాగా ఆరుతుంది. కావాలంటే చివరి రెండు, మూడు రోజులు పొద్దుటి లేత ఎండ చూపించొచ్చు. రాత్రి మాత్రం లోపల పెట్టేయాలి. లేదంటే మంచుకు మళ్లీ తేమ పీల్చుకుంటుంది.

ఆరిందని తెలిసేదెలా? ధనియం మీద గోరుతో గట్టిగా నొక్కండి. సొట్ట పడితే ఇంకా ఆరలేదు, పెళుసుగా విరిగితే ఆరినట్టే. మెంతి గింజను పంటి కింద పెడితే టక్కున పగలాలి, మెత్తగా అణగకూడదు.

ఇంకా అనుమానంగా ఉంటే వేయించిన బియ్యం చిట్కా ఉంది. విత్తనానికి రెండింతల బియ్యం తీసుకుని, పొడి మూకుడులో లేత రంగు వచ్చేదాకా వేయించాలి. వేడి మీదే పొడి గాజు సీసాలో పోసి మూత బిగించాలి. పూర్తిగా చల్లారాక, విత్తనాన్ని పల్చని గుడ్డ మూటలో కట్టి అందులో పెట్టాలి. రెండు వారాల్లో మిగిలిన తేమను బియ్యం లాగేస్తుంది. ఆ తర్వాత విత్తనాన్ని వేరే సీసాలోకి మార్చుకోవాలి.

'100' లెక్క ఏంటి?

విత్తన శాస్త్రంలో హారింగ్టన్ అనే శాస్త్రవేత్త పేరుతో ఒక సులువైన లెక్క ఉంది. విత్తనం ఉన్న చోట వేడి ఎన్ని ఫారెన్‌హీట్ డిగ్రీలో, గాలిలో తేమ ఎంత శాతమో.. ఈ రెండూ కూడితే 100 దాటకుండా ఉండాలి. అప్పుడు విత్తనం ఎక్కువ కాలం బతుకుతుంది.

దీన్ని మన ఊరికి పెట్టి చూద్దాం. మే నెలలో 42 డిగ్రీల సెల్సియస్ అంటే దాదాపు 108 ఫారెన్‌హీట్. తేమ కలపకముందే 100 దాటిపోయింది. వానాకాలంలో 28 డిగ్రీలు అంటే 82 ఫారెన్‌హీట్. గాలిలో తేమ 80 శాతం ఉందనుకుంటే మొత్తం 162. చల్లగా అనిపించే వానాకాలమే విత్తనానికి ఎక్కువ ప్రమాదం అని ఈ లెక్క చెప్తోంది.

100 దాటితే విత్తనం వెంటనే చచ్చిపోతుందని కాదు, దాని ఆయుష్షు తగ్గుతుందని అర్థం. ఇదే శాస్త్రవేత్త చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది. వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతే. మే నెల ఎండను మనం ఆపలేం. తేమను ఆపడం మన చేతుల్లోనే ఉంది. బాగా ఆరబెట్టి, గాలి చొరకుండా మూత పెడితే బయట 80 శాతం తేమ ఉన్నా సీసాలోకి రాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను కాపాడేది కూడా ఇదే సూత్రంతో. ముందు ఆరబెడతారు. తర్వాత 4 డిగ్రీల గదుల్లో, ఇంకా ఎక్కువ కాలానికైతే మైనస్ 20 డిగ్రీల్లో పెడతారు. మన ఇంట్లో ఆ పని చేసేవి గాజు సీసా, ఫ్రిజ్.

ఎందులో దాచాలి?

గట్టి మూత ఉన్న చిన్న గాజు సీసాలు అన్నింటికంటే మేలు. ఒకే పెద్ద డబ్బా కంటే నాలుగు చిన్న సీసాలు మంచివి. ఒకటి తెరిచినా మిగతా మూడింటికి గాలి తగలదు. పాలిథిన్ కవర్‌ను నమ్ముకోవద్దు. నెలల తరబడి ఉంచితే దానిలోంచి కూడా తేమ దిగుతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సరిగా ఆరని గింజను గాలి చొరని సీసాలో పెడితే లోపలి తేమకు ఎటూ దారి ఉండదు, బూజు పడుతుంది. ఆరిందో లేదో తేల్చుకోలేకపోతే గుడ్డ సంచిలో ఉంచడమే నయం.

ఫ్రిజ్ ఉంటే కింది అరలో, మూత బిగించిన సీసాలోనే పెట్టండి. బయటికి తీశాక వెంటనే మూత తీయకండి. సీసా గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగండి. లేకపోతే చల్లటి గింజల మీద గాలిలోని తేమ నీటి చుక్కలై పడుతుంది. ఫ్రిజ్ లేకపోతే ఇంట్లో అన్నింటికంటే చల్లగా, చీకటిగా ఉండే గది చూసుకోండి. పొయ్యి గట్టు మీది అర, రేకుల కింది అటక మాత్రం వద్దు.

సీసా మీద పేరు, కోసిన నెల, సంవత్సరం రాసి అతికించండి. తులసి, సబ్జా గింజలు ఆరు నెలల తర్వాత చూస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

జహీరాబాద్ మహిళలు చేసేది ఇదే

ఈ పద్ధతులకు పెద్ద ఉదాహరణ దూరంలో లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి నియోజకవర్గాలు జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. ఆ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. అక్కడి గ్రామాల్లో మహిళా సంఘాలు సొంతంగా విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి. వీళ్లలో చాలామంది దళిత కుటుంబాల చిన్న రైతులు. విత్తనం కావాల్సిన వాళ్లు బ్యాంకు నుంచి తీసుకుంటారు. పంట వచ్చాక తీసుకున్నదానికంటే కొంత ఎక్కువ తిరిగి పోస్తారు. డబ్బుతో పని లేదు.

ఏటా సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో ఈ విత్తనాలను ఎడ్ల బండ్ల మీద పేర్చి ఊరూరా తిప్పుతారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ 2019లో ఈ సంస్థకు దక్కింది.

వాళ్లు దాచేవి ఎక్కువగా జొన్న, కొర్ర, కంది లాంటి చేను పంటలు. కానీ పద్ధతి కుండీ మొక్కలకూ వర్తిస్తుంది. మట్టి, పేడ పూసిన బుట్టలు, బూడిద, వేపాకు.. ఇవే వాళ్ల సామాన్లు. పొడి బూడిద గింజల సందుల్లో నిండి పురుగు తిరగకుండా అడ్డుపడుతుంది, కొంత తేమ కూడా పీలుస్తుంది. వేపాకు అయితే నీడలో కరకరలాడేలా ఎండినదే వేయాలి. పచ్చి వేపాకు వేస్తే దాని తేమే గింజకు పడుతుంది.

గోళీలు, రంగు గింజలతో జాగ్రత్త

ధనియాలకు సన్నని గోధుమ రంగు పురుగు పట్టి చిన్న చిన్న రంధ్రాలు చేస్తుంది. అది చూసి కొందరు బియ్యంలో వాడే విషపు గోళీలు తెచ్చి విత్తనాల డబ్బాలో వేస్తుంటారు. ఈ పని అస్సలు చేయొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీల నుంచి వచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది. పడుకునే గదిలో పెడితే ఇంటిల్లిపాదికీ ముప్పు. దానికి బదులు బాగా ఆరిన గింజను సీసాలో బిగించి, నాలుగైదు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెడితే పురుగు, గుడ్లు చాలావరకు చచ్చిపోతాయి.

ఇంకో మాట. కొన్న ప్యాకెట్‌లో గింజలు గులాబీ, ఎరుపు, నీలం రంగుల్లో ఉంటే వాటికి మందు పూశారని అర్థం. మిగిలిపోయాయని వాటిని వంటలో, పోపులో వాడకండి. కోళ్లకు కూడా వేయొద్దు. ఇంటి విత్తనంతో ఈ భయం లేదు. మందేమీ కలపకుండా దాచితే, మిగిలిన ధనియాలు, మెంతులు మంచిగా ఉంటే వంటింట్లోకి తెచ్చుకోవచ్చు.

చల్లే ముందు 20 గింజలతో పరీక్ష

సెప్టెంబర్ చివర్లో ఈ చిన్న పని చేస్తే అక్టోబర్‌లో మోసపోరు. తడి గుడ్డలో 20 గింజలు పరిచి, చుట్టి, గిన్నెలో మూత పెట్టి ఉంచండి. గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరించండి. మెంతి మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది. కొత్తిమీరకు రెండు వారాల దాకా టైమ్ ఇవ్వండి.

16 లేదా అంతకంటే ఎక్కువ మొలిస్తే విత్తనం భేష్. 10 మొలిస్తే మామూలుగా చల్లేదానికి రెండింతలు చల్లండి. ఐదారే మొలిస్తే మీ సీసా ఎక్కడో తేమ పట్టిందని అర్థం, కొత్త విత్తనం తెచ్చుకోండి.

మనం ధనియం అనుకునేది నిజానికి రెండు విత్తనాలు కలిసిన కాయ. చల్లే ముందు చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెడితే మొలక తొందరగా వస్తుంది. కానీ ఈ పని చల్లే రోజే చేయాలి. బద్దలు చేసి దాచితే తొందరగా పాడవుతుంది. ఈ జాగ్రత్తలతో ధనియాలు ఒకటి, రెండేళ్లు, మెంతులు అంతకంటే కొంచెం ఎక్కువే ఆగుతాయి. అయినా ఏటా కొత్త గింజ కట్టుకోవడమే ఉత్తమం.

సగం పక్కింటికి ఇవ్వండి

2025 ఆగస్టు చివర్లో కుండపోత వానలు కామారెడ్డి జిల్లాను ఎలా ముంచెత్తాయో అందరూ చూశారు. ఇంట్లోకి నీళ్లొచ్చిన రోజు విత్తనాల సీసా గుర్తురాదు. అందుకే ఒకే చోట దాచొద్దు. సగం మీ దగ్గర, సగం పక్కింట్లోనో, వేరే ఊళ్లో ఉన్న అక్కాచెల్లెళ్ల దగ్గరో ఉంచండి. మీది పోయినా వాళ్లది ఉంటుంది.

ఇలా ఇచ్చిపుచ్చుకోవడానికి చట్టం కూడా అడ్డు కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు విత్తనం దాచుకునే, మళ్లీ విత్తుకునే, పంచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరుతో ప్యాక్ చేసి అమ్మడం మాత్రం కుదరదు.

క్లుప్తంగా క్యాలెండర్ ఇదీ:

డిసెంబర్: మంచి మొక్కలకు దారం కట్టండి.
ఫిబ్రవరి, మార్చి: పొద్దున్నే కోయండి, నీడలో ఆరబెట్టండి.
ఏప్రిల్‌కి ముందే: చిన్న సీసాల్లో బిగించి, పేరు, తేదీ రాయండి.
జూన్ నుంచి సెప్టెంబర్: అవసరం లేకుండా మూత తీయకండి.
సెప్టెంబర్ చివర: 20 గింజల పరీక్ష.
అక్టోబర్: చల్లేయండి.

కాబట్టి ఈ వారం కత్తెర పట్టుకుని కుండీల దగ్గరికి వెళ్తే, పూతకొచ్చిన కొత్తిమీరలో పది మొక్కలు మాత్రం వదిలేసి రండి.